పెంగ్విన్‌కి చేపలు ఎవరు కొంటారు?

ఈ మే నెలలో మా ఊళ్లో పిల్లలకి రోజూ సాయంత్రం ఒక పుస్తకం చదివి వినిపించే పని పెట్టుకున్నాను. మాది టెక్కలికీ భావనపాడు సముద్రానికీ మధ్య ఊరు. గుడి అరుగు మీద రెండు చాపలు, పదిహేను మంది పిల్లలు, మధ్యలో నేను. పుస్తకం ఇంగ్లిష్‌ది, పేరు 'మిస్టర్ పాపర్స్ పెంగ్విన్స్'. నేను ఇంగ్లిష్‌లో చూసుకుంటూ తెలుగులో చెప్పుకుంటూ పోతాను.

మొదటి రోజే అసలు ఘట్టానికి వచ్చేశాం. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో రంగులు వేసుకుని బతికే ఒకాయన ఇంటికి పెద్ద చెక్కపెట్టె వస్తుంది. తెరిస్తే లోపల్నుంచి ఒక పెంగ్విన్ దిగి, ఇల్లంతా తనదే అన్నట్టు చక్కర్లు కొడుతుంది. ఇంట్లో గాజు తొట్టెలో ఉన్న బంగారు చేపల్ని గుటుక్కున మింగేస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక ఫ్రిజ్‌లో సామానంతా బయటికి తీసేసి అందులో పెడతారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను పుస్తకం మూసేశాను.

అందరూ లేస్తుంటే నాలుగో తరగతి పిల్ల ఒకతి కదలకుండా కూచుని అడిగింది: "మరి దానికి సేపలెవులు కొంతారండీ? ఆలింట్లోనే డబ్బుల్లేవు కదేటి?"

నేనూ నవ్వేసి రేపు చూద్దామన్నాను. రాత్రి పుస్తకం మళ్లీ తిరగేస్తుంటే తెలిసింది, ఆ పిల్ల అడిగిన ప్రశ్న చుట్టూనే నవలంతా తిరుగుతోందని. నేను చిన్నప్పుడూ చదివాను, పెద్దయ్యాకా చదివాను. రెండుసార్లూ పెంగ్విన్లనే చూశాను. వాళ్ల నాన్న ఏటా వానాకాలంలో బోటు మీద పనికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తాడు. అందుకేనేమో ఆ పిల్ల ముందు ఇల్లు చూసింది, తర్వాత పెంగ్విన్‌ని చూసింది.

ఏడాదిలో ఆరు నెలలే పని

కథ తెలియని వాళ్ల కోసం చెబుతాను. స్టిల్‌వాటర్ అనే ఊళ్లో మిస్టర్ పాపర్ ఇళ్లకి రంగులు వేస్తాడు. మనిషి మంచివాడు, పరధ్యానం ఎక్కువ. ఒకసారి ఒకావిడ వంటగదికి మూడు గోడలు ఆకుపచ్చ వేసి, నాలుగో గోడకి పసుపు వేసేస్తాడు. ఆవిడకి అదే నచ్చి అలాగే ఉంచేయమంటుంది. ఆయన బుర్రంతా ధ్రువ ప్రాంతాల మీదే. ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు, కానీ మంచు ఖండానికి వెళ్లిన వాళ్ల పుస్తకాలన్నీ చదివేశాడు. అక్కడున్న అడ్మిరల్ డ్రేక్ అనే సాహసికి ఉత్తరం రాస్తే, ఆయన రేడియోలో పలకరించి, ఉత్తరం బదులు ఒక వింత బహుమతి వస్తుందని చెబుతాడు. ఆ బహుమతే పెట్టెలోంచి దిగిన పెంగ్విన్. దానికి కెప్టెన్ కుక్ అని పేరు పెడతారు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. కానీ మొదటి పేజీల్లోనే ఇంకో మాట ఉంది. పాపర్‌కి చలికాలమంతా పని ఉండదు. సెప్టెంబర్ దాటితే ఎవరూ రంగులు వేయించరు, మళ్లీ వసంతం రావాల్సిందే. ఆయనకి చదువుకోడానికి తీరిక దొరికిందన్న సంబరం, ఆయన భార్యకి డబ్బుల దిగులు. ఇక ఈ చలికాలమంతా చిక్కుడు గింజలతోనే సరిపెట్టుకోవాలని ఆవిడ లెక్క వేసుకుంటుంది. ఈ మాట నేను చదవగానే చాప మీద చివర కూచున్న ఒక కుర్రాడు, "మా నాన్నా అంతేనండి. సంకురాత్రి దాకే పని. అయిపోతే మరి కాలీయే" అన్నాడు. వాళ్ల నాన్న కూడా రంగుల పనే. మన దగ్గర సంక్రాంతి ముందు సున్నాలు, రంగులు. తర్వాత పెళ్లిళ్ల రోజులు. వానాకాలమంతా బ్రష్షులు కిరసనాయిల్లో నానుతుంటాయి. అమెరికాలో చలి, మా దగ్గర వాన. మిగతా కథ ఒకటే.

అక్కణ్నుంచి పిల్లలకి ఆ పుస్తకం మీద నమ్మకం కుదిరింది. పాపర్ దొరగారిలా కాకుండా పక్కింటి మావలా కనిపించాడు.

నవ్వు వెనక లెక్క

ఈ నవలలో హాస్యం ఎలా పనిచేస్తుందో చూడండి. జరిగేది అసాధ్యం. కానీ ఇంట్లో వాళ్లు దాన్ని మామూలు గృహకృత్యంలా చూస్తారు. ఫ్రిజ్‌లో పెంగ్విన్‌కి గాలి ఆడాలి కాబట్టి మెకానిక్‌ని పిలిచి తలుపుకి కన్నాలు వేయమంటారు. అది లోపల్నుంచి తలుపు తీసుకోవాలి కాబట్టి లోపలివైపు ఒక పిడి బిగించమంటారు. ఆ మెకానిక్‌కి పాపర్ మతి చలించిందేమోనని అనుమానం. రచయితలు ఎక్కడా కన్ను గీటరు, "చూశారా, ఎంత తమాషా" అనరు. లెక్కల మాస్టారు లెక్క చెప్పినంత నింపాదిగా చెప్పుకుపోతారు. నవ్వు మనకి వదిలేస్తారు.

పెంగ్విన్‌ని పెంచడానికి లైసెన్స్ కావాలేమోనని పాపర్ ఊరి పురపాలక ఆఫీసుకి ఫోన్ చేసే ఘట్టం ఒకటుంది. అటువైపు వాళ్లకి పెంగ్విన్ అంటే ఏమిటో ఎక్కదు. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లోకి వస్తారు. నేను అనుకోలేదు గానీ మా పిల్లలు అన్నిటికంటే ఎక్కువ నవ్వింది అక్కడే. నాయనమ్మ కాగితం పట్టుకుని ఈ కిటికీ దగ్గర్నుంచి ఆ కిటికీకి తిరిగిన అనుభవం వాళ్లలో చాలామందికి ఉంది మరి.

లెక్క సంగతికి వద్దాం. కెప్టెన్ కుక్ ఒంటరితనంతో చిక్కిపోతాడు. పాపర్ ఒక పెద్ద అక్వేరియం అధికారికి ఉత్తరం రాస్తే, ఆయన దగ్గరున్న పెంగ్విన్ కూడా అదే జబ్బుతో ఉందని దాన్నే పంపించేస్తాడు. దాని పేరు గ్రెటా. ఒకటి రెండయ్యాయి. రెండూ ఒక ఫ్రిజ్‌లో పట్టవు కాబట్టి చలికాలంలో కిటికీలు బార్లా తీసి, ఇంట్లోకి మంచు రానిచ్చి, పిల్లలతో సహా అందరూ కోట్లు వేసుకుని తిరుగుతారు. తర్వాత గ్రెటా గుడ్లు పెడుతుంది, ఒకటీ రెండూ కాదు, పది! పదీ పిల్లలవుతాయి. రెండు పన్నెండయ్యాయి. గుడ్లు పెట్టకముందే ఇంటి కింద నేలమాళిగలో చల్లదనం పుట్టించే యంత్రం పెట్టించాల్సి వచ్చింది, అక్కడున్న ఇంటిని వేడిచేసే కొలిమిని పైకి తేవాల్సి వచ్చింది. పన్నెండు నోళ్లకి రోజూ చేపలు కావాలి.

అంటే ప్రతి చిక్కుకీ ఒక పరిష్కారం దొరుకుతుంది, ప్రతి పరిష్కారంతో ఇంకో పెద్ద బిల్లు వస్తుంది. పేజీ తిప్పించేది ఈ మెలికే. తలకి మించిన బాకీలైనప్పుడు పెంగ్విన్లకి ఆటలు నేర్పి నాటకాల హాల్లో ప్రదర్శనలు ఇవ్వాలన్న ఆలోచన వస్తుంది. పది వారాలు, వారానికి 5,000 డాలర్లు అని ఒప్పందం. ఆ అంకె చెప్పగానే మా పిల్లలు చప్పట్లు కొట్టారు. చేపలు కొనేది ఎవరో తేలిపోయింది. పెంగ్విన్లే!

పిల్లలకి డబ్బు సంగతులు తెలియవని పెద్దవాళ్లం అనుకుంటాం. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో బడి జీతం కట్టలేని ఇంటి కుర్రాడి మనసు చూపించి ఆ భ్రమ ఎప్పుడో పోగొట్టారు. ఇంట్లో ఎంతుందో, ఎంత లేదో పిల్లలకి తెలుస్తూనే ఉంటుంది. చాసో కథ ఏడిపిస్తుంది, పాపర్ కథ నవ్విస్తుంది. రెండిట్లోనూ పిల్లల్ని అమాయకులుగా చూడలేదు.

మొదలూ చివరా ఆవిడవి

ఈ పుస్తకం 1938లో అచ్చయింది. మరుసటి ఏడాది అమెరికా బాలసాహిత్యంలో పేరున్న న్యూబరీ గౌరవం దక్కింది. అట్ట మీద రెండు పేర్లుంటాయి: రిచర్డ్ అట్వాటర్, ఫ్లోరెన్స్ అట్వాటర్. భార్యాభర్తలు. బొమ్మలు వేసింది రాబర్ట్ లాసన్.

రిచర్డ్ చికాగోలో పత్రికలకి రాసేవారు, విశ్వవిద్యాలయంలో గ్రీకు పాఠం చెప్పినవారు. అడ్మిరల్ బర్డ్ దక్షిణ ధ్రువ యాత్ర మీద తీసిన సినిమా ఇంటిల్లిపాదీ చూశాక ఆయనకి పెంగ్విన్ల కథ తట్టింది. రాసి పక్కన పెట్టారు. 1934లో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత మళ్లీ రచన సాగలేదు. ఫ్లోరెన్స్ ఆ రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్తల దగ్గరికి వెళ్తే తిప్పి పంపేశారు. అప్పుడావిడ కూచుని మొదటి అధ్యాయాలూ చివరి అధ్యాయాలూ తిరగరాశారు. మధ్యలో భర్త రాసిన అల్లరి దాదాపు అలాగే ఉంచారు.

అమెరికాలో అవి మహామాంద్యం రోజులు. ఇంటి పెద్ద మంచాన పడ్డాడు, పిల్లలున్నారు. ఆ పరిస్థితిలో ఉన్న ఇల్లాలు తిరగరాసిన భాగాల్లోనే చలికాలపు నిరుద్యోగం, చిక్కుడు గింజల లెక్క, కథ చివరి వీడ్కోలు ఉన్నాయి. చేపలెవరు కొంటారన్న ప్రశ్న ఆవిడ వంటింట్లో పుట్టిందేనని నాకు అనిపిస్తుంది. మిసెస్ పాపర్‌ని విసుగుమోతుగా తీసిపారేసే వాళ్లుంటారు. నాకు మాత్రం ఆ ఇంటిని నిలబెట్టింది ఆవిడే. ఇంట్లో మంచు గడ్డకడుతుంటే నేల పాడవుతోందని గొణుగుతుంది, గొణుగుతూనే కోటు తొడుక్కుంటుంది. తర్వాత ప్రదర్శనల్లో పియానో వాయించేదీ ఆవిడే. మొగుడి పిచ్చికి ఇంట్లో చోటు చూపించింది, ఆ చోటుకి ఎంత ఖర్చవుతుందో కూడా మర్చిపోనివ్వలేదు.

2011లో జిమ్ క్యారీతో హాలీవుడ్ వాళ్లు దీన్ని సినిమా తీశారు. అందులో పాపర్ న్యూయార్క్‌లో భవంతుల వ్యాపారం చేసే ఖరీదైన మనిషి, భార్యతో విడిపోయినవాడు. పెంగ్విన్లు వచ్చి అతన్ని మార్చి కుటుంబాన్ని కలుపుతాయి. సరదాగానే ఉంటుంది. కానీ ఫ్రిజ్ ఖాళీ చేస్తే ఏం పోతుందోనన్న భయం ఆ ఇంట్లో లేదు. డబ్బున్నవాడు పెంగ్విన్‌ని పెంచితే షోకు. చిక్కుడు గింజలు తినేవాడు పెంచితేనే కథ. మా పిల్లలకి ఫోన్లో కాస్త చూపించాను. "ఈయన పాపర్ కాదండీ" అన్నాడు రంగుల మేస్త్రి కొడుకు.

మన ఊరి వింత చుట్టాలు

"నిజంగా పెంచుకోవచ్చా?" అని తప్పకుండా అడుగుతారు, మా వాళ్లూ అడిగారు. ముంబైలోని బైకుల్లా జూకి 2016లో దక్షిణ కొరియా నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లు వచ్చిన సంగతి చెప్పాను. వాటి చల్లగదికీ మేతకీ అయ్యే ఖర్చు మీద నగరంలో పెద్ద రగడే జరిగింది. మహానగరమే తడబడే పనిని పాపర్ నేలమాళిగలో చేశాడన్నమాట.

అయినా వింత చుట్టాల్ని చూడ్డానికి మేం అంత దూరం వెళ్లనక్కర్లేదు. టెక్కలి మండలంలోనే తేలినీలాపురం ఉంది. శీతాకాలం ముందు గూడబాతులూ రంగుల కొంగలూ వచ్చి ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. మేతకి నౌపడ చిత్తడి నేలలున్నాయి. అటు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ముక్కు మధ్య సందుండే, నత్తలు తినే కొంగలు తొలకరికి వస్తాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని మావైపు అందరూ అనుకుంటారు గానీ ఆ కొంగ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ బతికే పక్షే. ఎక్కణ్నుంచి వచ్చినా ఆ ఊళ్ల వాళ్లకి మాత్రం పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల లెక్క. పెరట్లో రెట్ట పడుతుంది, చేప ముక్కల వాసన, తెల్లారకుండానే గోల. మిసెస్ పాపర్ అయితే ఎంత గొణిగేదో! అయినా ఎవరూ కొట్టరు, తరమరు. పక్షులు రాకపోతే ఆ ఏడు పంటలు బాగుండవన్న నమ్మకం ఒకటి కాపలా కాస్తుంది.

ఇక్కడే ఒక కుర్రాడు కిందపడ్డ కొంగపిల్లని ఇంటికి తెచ్చి పెంచుతానన్నాడు. పాపర్ కాలం వేరు. మనకిప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దాని ప్రకారం కొంగపిల్లే కాదు, పంజరంలో రామచిలకని పెట్టుకోవడం కూడా నేరమే. పిల్ల కిందపడితే అటవీ శాఖ వాళ్లకి చెప్పాలి. ఇది చెబితే కుర్రాడి మొహం చిన్నబోయింది. కానీ వారం తిరక్కుండా పుస్తకమే వాణ్ని సమాధానపరిచింది. ఎందుకంటే చివరికి పాపర్‌కీ ఆ చిక్కే వస్తుంది.

చివరి సాయంత్రం

పుస్తకంలో 20 అధ్యాయాలు. రోజుకి రెండు చొప్పున పదో రోజుకి చివరికి వచ్చాం. పెంగ్విన్లతో పాపర్ ఊరూరూ తిరుగుతాడు. న్యూయార్క్‌లో పొరపాటున వేరే నాటకశాలకి వెళ్లి, అక్కడ సీల్‌లతో రభస జరిగి, పెంగ్విన్లతో సహా జైలుకి వెళ్తాడు. విడిపించడానికి అడ్మిరల్ డ్రేకే వస్తాడు. అప్పుడు ఇద్దరు మనుషులు రెండు మాటలు అడుగుతారు. సినిమా తీసే పెద్దమనిషి పెంగ్విన్లని హాలీవుడ్‌కి ఇచ్చేయమంటాడు. అడ్మిరల్ వాటిని ఉత్తర ధ్రువానికి తీసుకెళ్లి అక్కడ వృద్ధి చేస్తానంటాడు. ఇస్తే డబ్బు, వదిలితే వాటి చలి వాటికి.

పాపర్ రాత్రంతా ఆలోచించి మంచుకే పంపిస్తాడు. పెంగ్విన్లకి సినిమా బతుకు మంచిది కాదని అతని తీర్పు.

ఇక్కడ పిల్లలకి ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. ఉత్తర ధ్రువంలో పెంగ్విన్లు ఉండవు. అవి దక్షిణార్ధగోళం పక్షులు. 1936లో నార్వే ఉత్తర తీరంలో నిజంగానే తొమ్మిది కింగ్ పెంగ్విన్లని తెచ్చి వదిలారు. అవి అక్కడ నిలదొక్కుకోలేదు. కాబట్టి పాపర్ తీర్పులో ప్రేముంది, భూగోళం మాత్రం తప్పింది. ఆ రోజుల్లో పెద్దలకే తెలియని సంగతి అది.

ఓడ బయలుదేరే వేళ పాపర్ కన్నీళ్లతో వీడ్కోలు చెబుతుంటే అడ్మిరల్, "నువ్వూ రావాలి కదా" అంటాడు. ఏడాదో రెండేళ్లో పడుతుంది. భార్య వెళ్లమంటుంది. ఇంట్లో మనిషి కాలికి అడ్డం పడకపోతే ఊడ్చుకోవడం తేలికంటుంది, ఇల్లు గడవడానికి ఇప్పుడు డబ్బుంది కదా అంటుంది. ఓడ కదులుతుంది. పుస్తకం అయిపోతుంది.

ఇంగ్లిష్ పిల్లలకి ఇది సంతోషమైన ముగింపు. మా అరుగు మీద చప్పట్లు రాలేదు. మా వైపు నాన్న వెళ్లడం తమాషా సంగతి కాదు. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలో వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే 2020 జనవరికి గానీ విడుదల కాలేదు. 'తండేల్' సినిమా వచ్చాక రాష్ట్రమంతా ఆ కథ విన్నది. ఇక్కడి పిల్లలకి అది సినిమా రాకముందే తెలుసు.

చేపల ప్రశ్న అడిగిన పిల్లే మళ్లీ అడిగింది: "బాకీలన్నీ తీరిపోనాయి కదండీ. మరెందుకెల్లిపోతన్నాడు?"

నా దగ్గర జవాబు లేదు. వాళ్ల నాన్న బాకీల కోసం వెళ్తాడు. బాకీలు తీరాక కూడా వెళ్లే నాన్న ఉంటాడని ఆ పిల్లకి తెలియదు. ఆయనకి చిన్నప్పట్నుంచీ ఆ మంచు చూడాలని ఆశ అని చెప్పాను. సరేనన్నట్టు తలూపింది గానీ ఒప్పుకోలేదు. నాకూ తృప్తి కలగలేదు. ఆ రాత్రి ఆ పుస్తకం ఈ పిల్లలకి చదవడం తప్పేమో అని కూడా అనిపించింది.

మర్నాడు పుస్తకం లేకపోయినా అలవాటుగా పిల్లలొచ్చారు. ఆ పిల్ల వస్తూనే చెప్పింది. రాత్రి వాళ్ల నాన్నకి కథంతా చెప్పిందట. ఆయన భోంచేస్తూ విని, "అంపకానికెల్లినాడే. ఆడపిల్లని అత్తోరింటికాడ దింపి రావద్దేటి?" అన్నాడట. పిల్లల్ని పన్నెండు మందిని కొత్త చోట దింపడానికి నాన్న వెళ్లకుండా ఎలా ఉంటాడు? దింపి, నాల్రోజులుండి, కుదురుకున్నాక వచ్చేస్తాడు. నేను ఇన్నేళ్లలో ఆ ముగింపుని అలా చదవలేదు.

ఈ పుస్తకం మీ ఇంట్లో చదివితే నెమ్మదిగా, గట్టిగా, రోజుకి రెండు అధ్యాయాల చొప్పున చదవండి. పిల్లలు నవ్వే చోట ఆగండి. డబ్బు గురించి అడిగితే దాటేయకండి, ఇంట్లో ఉన్న లెక్కే చెప్పండి. పాపర్ కుటుంబం ఒకరికొకరు దాచుకున్నది ఏమీ లేదు.

వానలు పడితే తేలుకుంచికి కొంగలొస్తాయి. అదే రోజుల్లో ఆ పిల్ల నాన్న వేరావల్ బండెక్కుతాడు. ఈసారి పిల్లలందర్నీ తీసుకుని పక్షుల్ని చూసొద్దామనుకుంటున్నాం. "ఆటికి సేపలెవులూ కొనక్కర్లేదు కదండీ" అని ఆ పిల్ల ముందే లెక్క చూసుకుంది.